రెండో సూది

శాలినికి షుగర్ ఉన్న సంగతి ఈ లోకంలో ఐదుగురికే తెలుసు. తల్లికి, తండ్రికి, దవాఖానలో డాక్టరుకు, మందుల షాపతనికి, దేవుడికి. ఈ లెక్క తల్లి సువార్తది. పద్నాలుగో ఏట శాలిని బడిలో కళ్లు తిరిగి పడిపోయి, వారం రోజులు కరీంనగర్‌లో దవాఖాన మంచం మీద ఉండి వచ్చినప్పుడు సువార్త అందరికీ టైఫాయిడ్ అని చెప్పింది. ఐదేళ్లు గడిచినా ఆ టైఫాయిడ్‌ను మాత్రం వదల్లేదు. పిల్ల బక్కగా ఉందేమని చర్చిలో ఎవరైనా అంటే, "అప్పటి జెరానికి చిక్కిపోయింది, ఇంక తేరుకోలే" అంటుంది. వాడేసిన ఇన్సులిన్ సూదులన్నీ ఒక డబ్బాలో పోగుచేసి, బైబిలు సంచిలో అడుగున పెట్టుకుని, నెలకోసారి దవాఖానలో ఇచ్చి వస్తుంది.

గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లు ఒకదాని గోడకు ఒకటి ఆనుకుని ఉంటాయి. ఈ ఇంట్లో తుమ్మితే పక్కింటివాళ్లు జలుబు మందు పంపిస్తారు. అలాంటిచోట ఐదేళ్లు ఒక రోగాన్ని దాచడమంటే మామూలు మాట కాదు. సువార్త చెడ్డది కాదు, భయస్తురాలు. "రోగమని తెలిస్తే మనిషిని సూడరు బిడ్డా, రోగాన్నే సూస్తరు" అనేది. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి శాలిని ఎదురు చెప్పలేదు.

తండ్రి యిర్మియా బొగ్గుబాయి మీద ల్యాంపు రూములో పనిచేస్తాడు. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్లను అక్కడి బోర్డుకు తగిలించి లైటు తీసుకుంటాడు. షిఫ్టు దిగి లైటు ఇచ్చి బిళ్ల తీసుకుపోతాడు. షిఫ్టు అయిపోయాక బోర్డు మీద ఇంకా బిళ్ల వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అతని తమ్ముడొచ్చి మా అన్న ఇంట్లో నిద్రపోతున్నాడని ప్రమాణం చేసినా యిర్మియా నమ్మడు. మనుషులు మరిచిపోతారు, బోర్డు మరిచిపోదు అనేది ఇరవయ్యేడేళ్ల సర్వీసులో ఆయన నేర్చుకున్న ఒకే ఒక్క పాఠం. దాన్నే ఇంటికి కూడా మోసుకొచ్చాడు.

వంటింటి గుమ్మానికి రెండు మేకులు కొట్టాడు. పాలపొడి డబ్బా మూతను గుండ్రంగా కత్తిరించి ఒక బిళ్ల చేశాడు. బిళ్ల ఎడమ మేకుకు ఉంటే సూది ఇంకా వేసుకోలేదని, కుడి మేకుకు ఉంటే వేసుకున్నట్టని. శాలిని సూది వేసుకున్న ప్రతిసారీ బిళ్ల అటు మార్చాలి. తర్వాతి సూది వేళకు సువార్త దాన్ని మళ్లీ ఇటు తెస్తుంది. ఎవరైనా అడిగితే వాకిలికి దిష్టి బిళ్ల అని చెప్పే వీల్లేదు, వీళ్లు చర్చికి పోయేవాళ్లు. అందుకని తాళంచెవుల మేకులని చెప్పుకున్నారు.

శాలిని హాకీ ఆడుతుంది. మైదానం నడిమధ్య నిలబడి ముందుకూ వెనక్కూ అందరికంటే ఎక్కువ పరుగెత్తే సెంటర్ హాఫ్ ఆమె. కోచ్ రాజకుమారి మేడమ్ ఒకప్పుడు తనూ ఆడి, మోకాలు చెడి, ఇప్పుడు ఈల పట్టుకుని నిలబడుతుంది. ఆటకు ముందు, సగం ఆటప్పుడు శాలిని స్టిక్కు పక్కన పెట్టి బాత్‌రూముకు పోయి, తలుపేసుకుని, వేలికి సూది గుచ్చి చక్కెర చూసుకునేది. బాత్‌రూముకు ఎక్కువ పోతుందని జట్టులో ఆమెకు ఒక మారుపేరు కూడా ఉంది. ఆ పేరు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఈసారి డిసెంబరులో రాష్ట్ర జూనియర్ జట్టుకు ఎంపికలు గోదావరిఖనిలోనే పెట్టారు. శాలినికి పందొమ్మిది. ఈ చలికాలం దాటితే జూనియర్ వయసే దాటిపోతుంది. పోయిన ఏడాది పోటీల నాడు అమ్మమ్మ చనిపోయింది, అంతకుముందు ఏడాది మడమ వాచింది. అంటే ఇదే ఆఖరుసారి. రాష్ట్రం జెర్సీ ఒక్కసారి వేసుకోవాలని ఆమె ఎంత కోరుకుందో ఎవరికీ చెప్పలేదు. కావలసినవాటిని దాచడం ఆమెకు బాగా అలవాటైపోయింది.

ఫారంలో ఒక వరుస ఉంది: దీర్ఘకాల వ్యాధులేమైనా ఉన్నాయా. కింద తండ్రి సంతకం. యిర్మియా పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. సువార్త గుమ్మంలో నిలబడి ఆయన చేతినే చూసింది. ఆయన 'లేదు' అని రాసి సంతకం పెట్టాడు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

ఆ ఆదివారం పొద్దున మంచు పట్టి ఎదురింటి గేటు కూడా కనిపించలేదు. సువార్తకు ఒకటే హడావిడి. క్రిస్మస్ నెల ఆరాధన, పాటల బృందంలో ముందు వరుస, తెల్ల చీర ఇస్త్రీ కాలేదు. పెరట్లో బొగ్గు పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. శాలిని వేలు గుచ్చి చూసుకుంది, నూట నలభై. కడుపు ఎడమ పక్కన పది యూనిట్లు వేసుకుంది. అంతలో వాకిట్లోంచి తండ్రి, స్టిక్కుకు టేపు ఊడిందని పిలిచాడు. పోయి టేపు చుట్టుకుంటూ, మొదటి ఆట ఏ జిల్లాతో పడుతుందో అనుకుంటూ ఉండిపోయింది. బిళ్ల ఎడమ మేకుకే వేలాడుతోంది.

ఇరవై నిమిషాలకు సువార్త ఇడ్లీల పళ్లెం తెచ్చి గుమ్మం దగ్గర ఆగింది.

"ఇంక ఏసుకోలేదా ఏంది?"

"ఏసుకున్న అమ్మా."

"ఏడ ఏసుకున్నవ్? బిళ్ల గిటే ఉన్నది గదా."

శాలిని గుమ్మం వైపు చూసింది. వేసుకున్నట్టే గుర్తుంది. కానీ ఆ గుర్తున్నది ఇవాళ్టిదో నిన్నటిదో చెప్పలేకపోయింది. రోజుకు నాలుగు సూదుల చొప్పున ఐదేళ్లు, అన్నీ ఒకే తీరు. యిర్మియా వాకిట్లోంచే తీర్పు చెప్పాడు.

"మతికి లేకుంటె బోర్డునే నమ్మాలె బిడ్డా. ఏసుకో. సూది లేకుంట తిని ఉరికితే చక్కెర నెత్తికెక్కుతది."

ఆమె కుడి పక్కన ఇంకో పది యూనిట్లు వేసుకుని, బిళ్ల మార్చి, నాలుగు ఇడ్లీలు తిని బయల్దేరింది. బండి మీద తండ్రి వెనక కూర్చుని స్టేడియం చేరేసరికి తొమ్మిదిన్నర.

బాత్‌రూములో చక్కెర చూసే మిషన్ తొంభై ఎనిమిది చూపించింది. నాలుగు ఇడ్లీల తర్వాత అది రెండు వందలకు దగ్గర్లో ఉండాలి. పది నిమిషాలాగి మళ్లీ చూసింది. ఎనభై ఒకటి. టీషర్టు ఎత్తి కడుపు ఎడమ పక్కన వేలితో నొక్కింది, చురుక్కుమంది. కుడి పక్కన నొక్కింది, అక్కడా చురుక్కుమంది. రెండు సూదులూ ఇవాళ్టివే.

ఆమెకు రెండు దారులున్నాయి. మేడమ్‌కు చెప్పి ఆటలోంచి తప్పుకోవడం ఒకటి. చెప్పకుండా తింటూ ఆడడం రెండోది. మొదటిదాని గురించి ఆమె ఎంతసేపు ఆలోచించిందంటే, బూటు లేసు కట్టుకున్నంతసేపు. సంచిలో ఉన్న బిస్కెట్ల ప్యాకెట్టు నిలబడే నమిలింది. రెండు అరటిపళ్లు తింది. జట్టుకోసం తెచ్చిన గ్లూకోజు పొడి డబ్బా తీసుకుని అరచేతిలో పోసుకుని నాకింది.

"అక్కా, నీకు తీపి పడదంటివి గదా" అంది సహస్ర. ఆమె పదిహేడేళ్లది, శాలిని స్థానంలోనే ఆడుతుంది, శాలిని బయటికి వస్తే లోపలికి పోయే పిల్ల.

"ఇయ్యాల పడ్డది" అంది శాలిని.

మొదటి సగం ఆమె ఆడిన ఆటను అప్పటిదాకా ఎవరూ చూడలేదు. మంచు విడిపోయి ఎండ వచ్చింది. గడ్డి తడిగా ఉండి బంతి జారుతుంటే ఆమె స్టిక్కుకు మాత్రం అతుక్కుని వచ్చింది. ఎదుటి జట్టు దాడి చేసిన ప్రతిసారీ అక్కడ శాలిని ఉంది. ఒక గోలుకు బంతి అందించింది. హైదరాబాదు నుంచి వచ్చిన సెలెక్టర్ వేణుమాధవ్ పక్కాయన చెవిలో ఏదో చెప్పి కాగితం మీద టిక్కు పెట్టడం గట్టు మీద కూర్చున్న యిర్మియా కళ్లారా చూశాడు. ఆయన లేచి నిలబడి మళ్లీ కూర్చున్నాడు.

సగం ఆటకు చక్కెర అరవై నాలుగుకు దిగింది. మిగిలిన గ్లూకోజంతా తిని, రెండు గ్లాసుల పండ్ల రసం తాగింది. కడుపు బరువెక్కింది. ఇంకో అరగంట నిలబడితే చాలు అనుకుంది.

పది నిమిషాలకు చేతులు వణకడం మొదలైంది. చలిలో చల్లచెమట పట్టింది. బంతి ఒకటి వస్తుంటే రెండు కనిపించాయి. ఒకదాన్ని కొట్టింది, అది లేనిది. పక్కనున్న పిల్ల ఏదో అరుస్తోంది, మాటలు చెవికి ఆనడం లేదు. ఆ అరక్షణంలో ఆమెకు ఒక సంగతి తేటగా అర్థమైంది. ఇంకో రెండు నిమిషాలు ఉంటే పడిపోతుంది. పడిపోతే ఏ మందు ఇవ్వాలో ఈ మైదానంలో ఒక్క తండ్రికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ తండ్రి అటు చివర గట్టు మీద ఉన్నాడు. జెర్సీ కోసం చచ్చిపోవాలని లేదు. స్టిక్కు పైకెత్తి మార్చమని సైగ చేసి, నడుచుకుంటూ గీత దాటి వచ్చింది.

"ఏమైందే? మంచిగనే ఆడుతున్నవ్ గదా" అంది రాజకుమారి.

"మేడమ్, నాకు షుగర్ ఉన్నది. పొద్దుగాల రెండుసార్లు ఏసుకున్న సూది. చక్కెర కావాలె, జల్ది."

రాజకుమారి అంపైర్ల చాయ్ బల్ల మీదున్న చక్కెర గిన్నె ఎత్తుకొచ్చి, నీళ్లలో కలిపి, గ్లాసు తనే పట్టుకుని తాగించింది. సహస్ర లోపలికి పోయింది. యిర్మియా మైదానం చుట్టూ తిరిగి రావాల్సింది పోయి అడ్డంగా పరుగెత్తుకుంటూ వచ్చాడు. అంపైరు ఈల వేసి ఆట ఆపాడు. అరగంటకు శాలిని చేతులు కుదురుకున్నాయి. అప్పటికి వాళ్ల జట్టు గెలిచింది.

రాజకుమారి కోపమంతా అప్పటిదాకా దాచిపెట్టుకున్నట్టుంది.

"చెప్తే ఆడనియ్యననుకున్నవా? షుగర్ ఉన్నోళ్లు ఆడుతలేరా? గీత పక్కన ఏం పెట్టుకోవాలె, ఎన్ని నిమిషాలకు తీసెయ్యాలె, నేను చూసుకుంటుంటి గదా. నువ్వు పడిపోయుంటే నేను ఎవలికి జవాబు చెప్పాలె?"

వేణుమాధవ్ ఫారం తెప్పించుకుని ఆ వరుస మీద వేలు పెట్టాడు. ఆయన దురుసు మనిషి కాదు. "రోగమున్నందుకు కాదమ్మా. లేదని రాసిచ్చారు చూడు, తప్పుడు ఫారం మీద నేను పిల్లను తీసుకుపోలేను" అన్నాడు. టిక్కు పెట్టిన పేరు మీద అడ్డంగా ఒక గీత గీశాడు. కింద సహస్ర పేరు రాశాడు. సహస్ర దూరంగా నిలబడి నేల చూపులు చూసింది. సంతోషపడితే తప్పేమోనని పాపం ఆ పిల్లకు భయం.

యిర్మియా శాలినిని వెనక ఎక్కించుకుని బండి తీశాడు. దారిలో బాయి గేటు ముందు చాయ్ బండి దగ్గర ఆపాడు. షిఫ్టు దిగి అప్పుడే వస్తున్న మనుషులు నలుగురైదుగురు ఉన్నారు. అందులో మొగిలి కూడా ఉన్నాడు. అతను గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే సపోర్టు పని చేస్తాడు, యిర్మియాకు ఇరవై ఏళ్ల దోస్తు. బాయి మీదికి కబురు అప్పటికే వచ్చేసింది.

"ఏందన్నా, బిడ్డను నడుమల తీసేసిండ్రట. కాలుకేమన్న తాకిందా?"

శాలిని తండ్రి మొహం చూసింది. కాలు బెణికిందని ఆయన అంటాడు, తను కుంటాలి. ఏ కాలు కుంటాలో కూడా అనుకుని పెట్టుకుంది. యిర్మియా గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"కాలు కాదు మొగిలి. షుగర్. ఐదేండ్ల సంది ఉన్నది బిడ్డకు. దినాం నాలుగు సూదులు ఏసుకుంట ఆడింది. పొద్దుగాల నేనే ఇంకో సూది ఏపిచ్చిన. ఏ రోగం లేదని కాయితం మీద రాసిచ్చింది గూడ నేనే. నా రాతకు దాని పేరు కొట్టేసిండ్రు."

యిర్మియా చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఇరవయ్యేడేళ్లలో ఆయన కంటతడి చూసినవాళ్లు ఆ బాయి మీద లేరు. శాలినికి తండ్రి మీద పొద్దుటి నుంచీ కోపంగానే ఉంది. ఆ కోపం ఇప్పుడూ పోలేదు. కానీ ఆయన పక్కకు జరిగి, భుజానికి భుజం ఆనించి నిలబడింది.

"షుగర్ తోని గంత ఉరుకుడా" అన్నాడు మొగిలి. "అయితె పాపకు చక్కెర లేకుంట కొట్టుమను చాయ్."

"వద్దు కాకా. ఇయ్యాల చక్కెర ఎక్కువనే కావాలె" అంది శాలిని.

బల్ల మీద కూర్చుంది. సంచిలోంచి మిషన్ తీసి, ఎవరికీ వీపు తిప్పకుండా, వేలు గుచ్చి రక్తం చుక్క పట్టింది. బొగ్గు మొహాలు నాలుగు ముందుకు వంగాయి.

"ఎంతొచ్చింది?" అన్నాడు మొగిలి.

"నూట పది."

"మంచిదేనా?"

"మంచిదే కాకా" అంది, చాయ్ అందుకుంటూ.