యెరికో వాళ్ల చెప్పులు

దిమ్మె మీద నీళ్లు చల్లుతున్న చప్పుడు వినగానే ఏసోబు గిటారు తీగ బిగించడం ఆపేశాడు.

కట్టంగూర్ అవతల, ఎండిన చెలకలో సువార్త సభలకు పందిరి వేశారు. స్టేజి అంటే మట్టితో కట్టిన దిమ్మె. దుమ్ము లేవకుండా సంఘం ఆడవాళ్లు బిందెలకు బిందెలు నీళ్లు గుమ్మరిస్తున్నారు. ఆ తడిమట్టి వాసనకు అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఏసోబుకు మాత్రం ఉన్న ప్రాణం పోయేట్టుంది. హాలియా సభలో తనకు కరెంటు కొట్టిన సాయంత్రం కూడా ఇదే వాసన.

ఏసోబు యెరికో బ్యాండుకు పెద్ద. గిటారు అతనిదే, గొంతూ అతనిదే. ఇవాళ మాత్రం పాట అతనిది కాదు. చెల్లెలు రూతమ్మ మొదటిసారి మైకు ముందుకు రాబోతోంది. ఆ పిల్లకు అన్న మాటంటే వేదం, భయం అంటే ఏమిటో తెలియదు.

యెరికో మొదలైనప్పుడు ఇది బ్యాండూ కాదు, ఏమీ కాదు. ఏసోబు దగ్గర ఒక పాత హార్మోనియం, ప్రకాశం చేతిలో తాళాలు, ఐలేశం దగ్గర వాళ్ల తాత డప్పు. ఆ తాత బాప్తిస్మం తీసుకున్న రోజే డప్పును దూలానికి వేలాడదీశాడు. జాతరకూ చావుకూ కొట్టిన డప్పు చర్చిలోకి రాకూడదని అప్పటి కట్టడి. మనవడు దాన్ని దించి, గడ్డిమంట మీద కాచి, దేవుడి పాటకు దరువేశాడు. సంఘపెద్ద గుర్వయ్య ముగ్గురినీ బయటికి నెట్టి తలుపేశాడు. వాళ్లు గుమ్మం ముందే నిలబడి పాట పూర్తి చేశారు.

తర్వాత మిషన్ దవాఖానలో పనిచేసి వెళ్లిపోయిన ఒక తెల్లడాక్టరు వదిలేసిన క్యాసెట్టు వీళ్ల చేతికొచ్చింది. అందులో ఎవరో జుట్టు పెంచిన వాళ్లు గొంతు చించుకొని ఏసయ్యను పిలుస్తున్నారు. బతిమాలుతున్నట్టు లేదు, తలుపు బద్దలు కొట్టి లోపలికి వస్తున్నట్టుంది. ఏసోబు ఆ రాత్రి నిద్రపోలేదు. సికింద్రాబాదు నుంచి ఒక పాత గిటారు తెచ్చుకున్నారు. మైకుసెట్లు కిరాయికిచ్చే దస్తగిరి దాన్ని తన స్పీకరు పెట్టెకు కలిపాడు. పెళ్లి ఊరేగింపుల్లో నలిగి నలిగి ఆ స్పీకరు కాగితం చిరిగి ఉంది. తీగ మీటితే పులి గుర్రుమంది. “మాఫ్ చెయ్యుండ్రి, కొత్త కాగితం ఏస్త” అని దస్తగిరి నొచ్చుకుంటే, ముగ్గురూ అతని చేతులు పట్టుకొని వద్దన్నారు. క్యాసెట్టులోని మోత సరిగ్గా అదే మరి.

పేరు యెరికో అని పెట్టుకున్నారు. బైబిల్లో మోతకు కోటగోడ కూలిన ఊరు పేరు. “మన చర్చి గోడ కూలకుంటే అదే పదివేలు” అన్నాడు గుర్వయ్య. జుట్టు పెంచితే దయ్యాల మేళమన్నారు, గుండీలు విప్పితే తాగుబోతులన్నారు. అన్నన్ని మాటలు పడ్డా వాళ్లు ఒక్క మర్యాద తప్పలేదు. దేవుడి స్థలమని చెప్పులు కింద విడిచి, ఉత్తకాళ్లతోనే స్టేజి ఎక్కేవాళ్లు. జుట్టును తిట్టిన ముసలివాళ్లు కూడా ఆ పాదాలు చూసి కాస్త మెత్తబడేవాళ్లు.

ఆ మర్యాదే హాలియాలో ప్రాణం మీదికి తెచ్చింది. కాళ్ల కింద తడి, చేతిలో గిటారు, పెదవి మైకుకు తగిలింది. అంతే, దవడ బిగుసుకుపోయింది. అరుద్దామంటే గొంతు లేదు, వదులుదామంటే చెయ్యి లేదు. తన గుండె ఆగుతున్నట్టు తనకే తెలిసింది. దస్తగిరి వైరు పీకాడు కాబట్టి మనిషి మిగిలాడు. అదే ఏడాది ఒక పెళ్లిపందిట్లో మైకు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే పోయాడు.

పాస్టరు బాలస్వామి అయ్యగారు ఆ ముచ్చటను ఊరూరా సాక్ష్యం చెప్పాడు. కరెంటు కూడా దేవుడి బిడ్డను ముట్టలేకపోయిందని. చెడ్డవాడేం కాదు, మనసారా నమ్మి చెప్పాడు. దాంతో నిన్నటి దయ్యాల మేళం ఇవాళ దేవదూతల మేళమైంది. గుర్వయ్యే లేచి కుర్చీ వేశాడు. ఏసోబు మాత్రం ఇంట్లో లైటు స్విచ్చి వేయాలన్నా కట్టెపుల్లతో నొక్కేవాడు.

ఇవాళ పొద్దు వాలుతుండగా మైకు పరీక్ష పెట్టారు. ఏసోబు వేలి కొనతో ముట్టాడు. జుమ్మని మోచేతిదాకా పాకింది. వేలు వెనక్కి లాక్కొని చంకలో పెట్టుకున్నాడు.

“భాయ్, కొడతాంది.”

దస్తగిరి మొహం కూడా తెల్లబోయింది. “ఎర్తు అందుతలేదు తమ్మీ. రాతిభూమి. ఉప్పేసిన, నీళ్లు పోసిన, గడ్డపార దిగుతలేదు. రబ్బరు చెప్పులేసుకోని ఎక్కుండ్రి. నేనైతే ఉత్తకాళ్లతోని ముట్ట.”

ఏసోబు అయ్యగారి దగ్గరికి పరుగెత్తాడు. అయ్యగారు విని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

“ఏసోబూ, ఆ జనం ఎవల కోసం అచ్చిండ్రు? నిన్ను కరెంటు ముట్టలేదని అచ్చిండ్రు. నువ్వే చెప్పులేసుకుంటే ఏమనుకుంటరు? గుర్వయ్య ముంగట మీ కోసం నేను ఎన్ని మాటలు పడ్డనో నీకు ఎరుకనే గద. జర విశ్వాసం పెట్టు బిడ్డా.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్పులేసుకుంటే బ్యాండు పోతుంది, వేసుకోకుంటే చెల్లెలు పోతుంది. ఏసోబు వెనక్కి తిరిగి వచ్చేశాడు. తాను మిగిలింది విశ్వాసంతోనే అయితే, తనకు ఇంత భయం ఎందుకు? ఈ ప్రశ్న అతన్ని కరెంటు కంటే ఎక్కువ భయపెట్టింది.

రూతమ్మ తెల్లచీర సర్దుకుంటూ నవ్వింది. “అన్నా, గిట్ల చెమటలు పట్టినయేంది నీకు? పాడేది నేను గదా.”

“మైకు ముట్టకు. దూరంకెల్లి పాడు.”

“దూరంకెల్లి పాడితే నీ గిటారు మోతల నా గొంతు వినపడుతదా?” అంటూ ఉత్తకాళ్లతో తడి దిమ్మె ఎక్కింది.

అయ్యగారు హాలియా సాక్ష్యం చెప్పడం పూర్తిచేశాడు. ఆయన మైకు వేరే, బ్యాటరీది, దానికేం భయం లేదు. జనం స్తోత్రమన్నారు. ఐలేశం పుల్లలు ఎత్తాడు. రూతమ్మ బ్యాండు మైకు వైపు నడిచి, చెయ్యి చాపింది. ఆమె మడమల కింద నీళ్లు మెరవడం ఏసోబు చూశాడు.

గిటారు విసిరేశాడు. ఒక్క ఉరుకున వెళ్లి ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. ఐలేశం ఎత్తిన పుల్లలు దించాడు.

“పాడదు,” అన్నాడు మైకు లేకుండానే. గొంతు పిల్లి కూతలా వచ్చింది. “మైకు కొడతాంది. ఉత్తకాళ్లతోని నా చెల్లెను ముట్టనియ్య. నాకు భయమైతాంది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. గుర్వయ్య కుర్చీలోంచి లేచాడు. “విశ్వాసం లేనోనికి స్టేజెందుకు? దిగు.” అయ్యగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. రూతమ్మ సిగ్గుతో తల వంచుకుంది. పదేళ్ల యెరికో కళ్లముందే కూలిపోతోంది, ఏసోబు మోకాళ్లు వణుకుతున్నాయి.

అప్పుడు ఆడవాళ్ల వరుసలోంచి తల్లి బిక్షమ్మ లేచింది. పందిరి అంచున విడిచిన చెప్పుల కుప్ప దగ్గరికి వెళ్లి వంగింది. తన రబ్బరు చెప్పులు చేతిలోకి తీసుకొని దిమ్మె వైపు నడిచింది. చెప్పు చేతబట్టి వచ్చే ఆడమనిషి ఎందుకు వస్తుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందరి ముందూ తల్లి చేతి చెప్పుదెబ్బ. కొట్టనీ అనుకొని ఏసోబు తల వంచాడు.

బిక్షమ్మ అతన్ని దాటి వెళ్లింది. రూతమ్మ పాదాల దగ్గర కూర్చొని, చెప్పులు కింద పెట్టింది.

“తొడుక్కో బిడ్డా.”

“బిక్షమ్మా, ఇది దేవుని జాగా,” అన్నాడు అయ్యగారు.

ఆమె లేవకుండానే తలెత్తింది. “ఎరుకనే అయ్యగారూ. మా మామ ఊరందరికీ చెప్పులు కుట్టిండు. తనయి మాత్రం దొర గడి ముంగట సంకల పెట్టుకొని నడిచిండు, భయానికి. దేవుని ముంగట మేం ఇడిసినం, ప్రేమకు. గిప్పుడు నా కొడుకు భయానికి ఇడిసి నిలవడ్డడు, సూడుండ్రి ఎట్ల వణుకుతాండో. గట్ల ఇడుసుడు దొరకు కావాలె గని దేవునికెందుకు?”

అయ్యగారు చాలాసేపు ఏసోబు కాళ్ల వైపు చూశాడు. ఆయన తాత కూడా ఆ దొర గడి ముందు చెప్పులు చంకన పెట్టుకొని నడిచినవాడే. చివరికి మైకు పక్కన పెట్టి, “పోయి తొడుక్కొని రా,” అన్నాడు. గుర్వయ్య కూర్చోలేదు కానీ మళ్లీ నోరెత్తలేదు.

చెప్పుల కుప్పలో ఏసోబుకు తనవి దొరకలేదు. ఎవరివో జోడు కాని రబ్బరు చెప్పులు తగిలించుకొని వచ్చాడు. గిటారు ఎత్తుకొని తీగ మీటాడు. చిరిగిన స్పీకరు గుర్రుమంది, ఐలేశం దరువు అందుకున్నాడు.

రూతమ్మ తల్లి చెప్పుల్లో నిలబడి మైకు మీద చెయ్యి వేసింది. ఆమె పెదవులు మైకుకు తగిలాయి. హాలియాలో తన దవడ బిగుసుకున్నట్టే ఆమె దవడా బిగుసుకుంటుందేమోనని ఏసోబు చూస్తూనే ఉన్నాడు.

రూతమ్మ గొంతెత్తి పాడింది. తల్లి దిమ్మె కింద తడిలో ఉత్తకాళ్లతో నిలబడి వింటోంది. ఏసోబు ఏడుస్తూనే తీగలు మీటాడు.