పుస్తకంలో లేని బియ్యం

బీడీలు చుట్టేవాళ్ల చేతులకు కళ్లతో పని లేదు. ఆకు కత్తిరించేటప్పుడు తప్ప మిగతాదంతా వేళ్లే చూసుకుంటాయి. తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి చాటలో పడేసేలోపల కళ్లు ఊరంతా తిరిగి రావచ్చు. మెట్‌పల్లిలో శంకరవ్వ ఇంటి అరుగు మీద కూర్చునే ఆడవాళ్ల కళ్లు మాత్రం ఎటూ తిరిగేవి కావు. శంకరవ్వ కోడలు నర్మద నోటి మీదే ఉండేవి.

నర్మద చదువుతుంది, వాళ్లు చుడతారు. పొద్దు గూకి లేచేటప్పుడు ఒక్కొక్కరు తమ బీడీల్లోంచి ఒక కట్ట తీసి నర్మద చాటలో వేస్తారు. అది ఆ అరుగు మీద పుట్టిన రివాజు. కార్ఖానాలో నర్మద పేరు మీద ఆ కట్టలే పోతాయి. వచ్చే దారిలో, బస్టాండు పక్కన, అద్దె పుస్తకాల దుకాణం. పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకుంటుంది. ఒకసారి డిటెక్టివు కథ, ఒకసారి ప్రేమ కథ. జేబులో పట్టేంత పుస్తకాలు. అట్ట మీద ఎర్రచీర పిల్ల, దాని వెనక టోపీ పెట్టుకున్న నీడ.

అంతకుముందు ఆమెకు ఆ అరుగు మీద చోటే లేదు. కరీంనగర్‌లో ఏడో తరగతి దాకా చదివి ఈ ఇంటి కోడలైంది. మొగుడు అంబదాస్ భీవండి మగ్గాలకు పోయినవాడు పోయినట్టే ఉన్నాడు. ఆమె చుట్టిన బీడీ ఒకటి లావు, ఒకటి సన్నం. కార్ఖానా గుమాస్తా అందరి ముందరా వాటిని విరిచి పారేసేవాడు. "సదువుకున్న చేతులు గదా, బీడీలు చుట్టుమంటె ఇనయి," అనేది శంకరవ్వ. ఆ పూట కోడలి గిన్నెలో గంజి పడేది, మెతుకులు పడేవి కావు. ఒకనాడు బెల్లం చుట్టి తెచ్చిన కాగితం మీద ఏదో కథ ముక్క ఉంటే నర్మద ఊరికే పైకి చదివింది. పక్కన చేతులు ఆగిపోయాయి. "తర్వాత?" అన్నది లింగవ్వ. ఆ ఒక్క మాటతో నర్మద బతుకు మారింది. ఇప్పుడామె చోటు స్తంభానికి ఆనుకుని, పక్కన ఇత్తడి చెంబులో నీళ్లతో.

చదవడమంటే ఇష్టమా అంటే, ఇష్టమే. కానీ కథ కన్నా ఆమెకు ఇష్టమైనది ఇంకొకటి. పేజీ తిప్పేచోట ఆగి, చెంబెత్తి, నీళ్లు మెల్లగా తాగుతుంది. ఆ కాసేపు అరుగు మీద ఒక్క దారమూ ముడిపడదు. అందరి ఊపిరీ తన గుప్పిట్లో ఉందని ఆమెకు తెలుసు. గుప్పిట విప్పడానికి తొందరపడదు.

పుస్తకాలు తొందరగా అయిపోతున్నాయని, సాగదీయడం కోసం మొదట ఒక మాట, తర్వాత ఒక వాక్యం కలిపింది. ఎవరికీ చదువు రాదు, ఎవరికీ తెలియదు. ఆ తర్వాత అధ్యాయాలకు అధ్యాయాలే కలిపింది. బాలవ్వకు నిరుడు పసిపిల్ల పోయింది. నర్మద ఒక ప్రేమ కథలో, ఏ అవసరమూ లేకుండా, ఒక పసిపిల్లను చంపింది. చంపి, కనురెప్పల కింద నుంచి బాలవ్వ వేళ్ల వంక చూసింది. దారం పుటుక్కున తెగింది. నర్మదకు లోపల ఏదో చల్లగా, హాయిగా కదిలింది. అదేమిటని తనను తాను అడుక్కుంది. జవాబు తెలిసినా సిగ్గుపడలేదు.

ఆమె పక్కన, మోచేయి తగిలేంత దగ్గరగా కూర్చునేది కిష్టవ్వ. పదహారేళ్ల పిల్ల, వెనక వీధి లచ్చయ్య బిడ్డ. అందరికన్నా వేగంగా చుట్టేది, అందరికన్నా ఎక్కువ నవ్వేది. ప్రేమ కథలంటే ప్రాణం. ఒకరోజు అందరూ లేచిపోయాక అది వెనక నిలబడింది.

"వదినా, ఒక ముచ్చట అడుగుత. కోపం జెయ్యవు గదా?"

"అడుగు."

"మొన్నటి కథల గా పిల్ల గోదాట్ల దుంకిందని సదివినవు. పుస్తకంల దుంకలే గదా. మేనమామ ఇంటికి పోయింది, గంతే."

నర్మద చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. "నీకు సదువొచ్చునా?"

"రాకుండె. నీ పక్కన కూసుండి కూసుండి వచ్చింది. చేతులు వాటి పని అవి జేస్తయి. నువ్వు నోటితోని అంటుంటె నేను కండ్లతోని అచ్చరం పట్టుకుంట పోయిన. నువ్వు పుస్తకం ఇడిసిపెట్టి పోయినకాడ మాత్రం తొవ్వ తప్పుతుంటి." కిష్టవ్వ కిసుక్కున నవ్వింది. "ఫికర్ జెయ్యకు. ఎవ్వలకు చెప్పలే. పుస్తకంల దానికన్న నువ్వు చెప్పిందే మంచిగున్నది వదినా. గోదాట్ల దుంకుడే మంచిగున్నది."

పిల్ల మొహంలో భక్తి తప్ప మరేమీ లేదు. ఆ భక్తిని నర్మద పామును చూసినట్టు చూసింది. బెదిరించి ఉంటే బాగుండేది. బెదిరించేవాళ్లకు ఏదో ఒకటి పడేసి తప్పించుకోవచ్చు. ఇది మాత్రం ప్రేమగా, నవ్వుతూ, తన గుట్టును కొంగున కట్టుకుని పోతోంది.

ఆ నెలలోనే నర్మదకు జ్వరం వచ్చింది. లోపల మంచంలో పడుకుని, అరుగు మీద నుంచి వస్తున్న గొంతు వింది. తడబడుతూ, కూడబలుక్కుంటూ, కిష్టవ్వ చదువుతోంది. కిటికీ సందులోంచి చూసింది. పుస్తకాన్ని చాట అంచు కింద నొక్కిపెట్టి, పేజీ లేవకుండా కత్తెర అడ్డం పెట్టింది. చేతులు మాత్రం ఆగడంలేదు. చదువుతోంది, చుడుతోంది. దాని చాటలో ఎవరూ కట్ట వేయనక్కరలేదు.

జ్వరం తగ్గి బయటికి వస్తే లింగవ్వ పళ్లికిలించింది. "ఓ పిల్లా, ఇగ నువ్వు పండుకో. కిష్టవ్వ సదువుతది, చుడతది, అన్నీ పుకట్ల. మా కట్టలు మాకే మిగిలె."

అందరూ నవ్వారు. శంకరవ్వ నవ్వలేదు. మరునాడు పొద్దున నర్మద ముందర ఆకు, తంబాకు పెట్టిన చాట తెచ్చి ధడాలున పడేసింది. "జర చెయ్యి ఆడియ్యి. ఒట్టి నోటికి ఎంతకాలం పెడుదురు?"

నర్మద ఆకు తీసుకుంది. చుట్టింది. ఒకటి లావు, ఒకటి సన్నం. మళ్లీ గంజి గిన్నె గుర్తుకొచ్చింది, గుమాస్తా విరిచిన బీడీ చప్పుడు గుర్తుకొచ్చింది. స్తంభం పక్క చోటు పోతే ఈ ఇంట్లో తాను ఏమిటి? మొగుడు వదిలేసిన ఆడది, వంకర బీడీల ఆడది.

అదే రోజుల్లో అరుగు మీద తంబాకు తరుగుతోందని రభస మొదలైంది. బీడీలు తేలికగా ఉన్నాయని గుమాస్తా అందరినీ తిట్టాడు. ఎవరు తీస్తున్నారో నర్మదకు తెలుసు. మధ్యాహ్నం అందరూ తిండికి పోయినప్పుడు ప్రతి చాటలోంచీ ఒక పిడికెడు తీసి రొండిన దోపుకునేది శంకరవ్వ. వేరే బీడీలు చుట్టి కల్లు కంపౌండు దగ్గర అమ్ముకునేది. అత్త మీద నోరెత్తితే కోడలికి ఆ రాత్రి గడప లోపల చోటుండదు. నర్మద నోరెత్తలేదు. డిటెక్టివు పుస్తకం తెచ్చింది.

"కిష్టవ్వా, వెలుతురుకు అడ్డమొస్తున్నవు. జర ఎదురుంగ కూసో," అంది.

కిష్టవ్వ చాట ఎత్తుకుని ఎదురుగా పోయి కూర్చుంది. ఇక దానికి పేజీ కనిపించదు. అందరికీ కిష్టవ్వ మొహం కనిపిస్తుంది.

కథ మొదలైంది. ఒక దొర గడీలో ముత్యాల హారం పోయింది. పట్నం నుంచి డిటెక్టివు వచ్చాడు. అంతవరకు పుస్తకమే. గడీలో ఒక పడుచు పనిమనిషి ఉంది, అదీ పుస్తకమే. ఆ పనిమనిషి వేళ్లు గాలి కన్నా వేగం, నవ్వు తేనె, ఆమెను ఎవరూ అనుమానించరు. ఇది నర్మద కలిపింది. "అందరి మనసూ దోచినదానికి హారం దోచడం ఎంత పని?" అని చదివి, ఆగి, నీళ్లు తాగి, కిష్టవ్వ వంక చూసింది. ఎందుకో తెలియకుండానే అందరి తలలూ అటు తిరిగాయి. కిష్టవ్వ నవ్వబోయి ఆపుకుంది.

రోజూ కొంచెం. దొంగ ఎదురుగా కూర్చుంటుందని ఒకరోజు. దొంగ ఎక్కువగా నవ్వుతుందని ఒకరోజు. నాలుగో రోజుకు కిష్టవ్వ నవ్వడం మానేసింది. ఐదో రోజుకు, నవ్వడం మానేసిందని ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. భయం ఎలా పెరుగుతుందో నర్మద శ్రద్ధగా గమనించింది. విత్తనం ఒకటి వేస్తే చాలు, నీళ్లు వాళ్లే పోసుకుంటారు.

ఆ మీదట బియ్యం అధ్యాయం చదివింది. డిటెక్టివు పనివాళ్లందరినీ వరసగా కూర్చోబెట్టి గుప్పెడు బియ్యం నమలమన్నాడు. తప్పు చేయనివాళ్ల నోట్లో బియ్యం తడిసి ముద్దవుతుంది. దొంగ నోట్లో పిండిలా పొడిగా రాలుతుంది.

"అగో! మనకాడ గూడ గంతే గదనే!" బాలవ్వ తొడ చరిచింది. "పట్నపోళ్లకు గూడ గిదే తెలుసు."

"మరి ఇంకెందుకు సూసుడు?" లింగవ్వ చాట పక్కకు తోసింది. "తంబాకు ఎవలు మింగుతున్నరో ఇయ్యాలనే తేలాలె."

అందరికన్నా ముందు లేచింది శంకరవ్వ. పసుపు కలిపిన బియ్యం తెచ్చి, పోచమ్మ పేరు తలచుకుని, గుప్పిళ్లతో పంచింది.

"నువ్వో, పెద్దవ్వా?" అన్నారెవరో.

"తల్లి పేరు చెప్పి ఇచ్చేటిదాన్ని. నేనెట్ల నములుతనే?"

నర్మద తన వంతు అందుకునే ముందు చెంబెత్తి ఒక గుక్క నీళ్లు పోసుకుని బుగ్గన ఉంచుకుంది. శంకరవ్వ చూసింది. చూసి చూడనట్టు పక్కకు జరిగింది.

కిష్టవ్వ చేతిలో బియ్యం అలాగే ఉంది. "వదినా, గా పుస్తకం ఒక్కసారి ఇయ్యి. గీ బియ్యం ముచ్చట గండ్ల ఉన్నదా? నిజం చెప్పు. ఉన్నదా?"

నర్మద నీళ్లు మింగింది. పుస్తకం తెరిచి, వేలు పెట్టి, ఎప్పటి గొంతుతోనే చదివింది:

"అప్పుడా పనిమనిషి వణుకుతూ, 'ఈ పరీక్ష ఎక్కడ రాసి ఉంది, నాకు చూపించండి' అని అడిగింది. డిటెక్టివు చిరునవ్వు నవ్వాడు. బియ్యం కన్నా ముందు భయం బయటపడిందన్నాడు."

"ఓయమ్మ!" అని లింగవ్వ నోటి మీద చేయి వేసుకుంది. "ఉన్నది ఉన్నట్టు రాసిండ్రు!"

కిష్టవ్వ నర్మద వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. చదువుతూ చదువుతూ దారి తప్పిన పిల్ల అక్షరం కోసం వెతుక్కున్నట్టు, నర్మద మొహంలో ఏదో వెతుక్కుంది. తర్వాత బియ్యం నోట్లో వేసుకుంది. నమిలింది, నమిలింది. చెక్కిళ్లు ఆడుతున్నాయి, గొంతు దిగడంలేదు. మిగతావాళ్లు తడి ముద్దలు ఉమ్మారు. దాన్నీ ఉమ్మమన్నారు. అరచేతిలో పసుపు పిండి పొడిపొడిగా రాలింది.

మొదటి దెబ్బ ఎవరిదో తెలియదు. రెండోది బాలవ్వది. తన పసిపిల్ల చచ్చినప్పుడు రాత్రంతా తన పక్కన కూర్చున్నది కిష్టవ్వేనని ఆమెకు ఆ క్షణాన గుర్తులేదు. లింగవ్వ జుట్టు పట్టుకుని అరుగు దింపింది. చాట ఎగిరి వీధిలో పడింది. శంకరవ్వ అందరినీ ఆపుతున్నట్టు చేతులు చాపి, ఆ చేతుల్తోనే పిల్లను ఇంకా దూరం నెట్టింది. "పోచమ్మ తల్లి సూసుకుంటది, ఇగ ఇడువుండ్రి," అంది నిట్టూరుస్తూ.

మరునాటి నుంచి కార్ఖానాలో కిష్టవ్వకు ఆకు ఇవ్వలేదు. లచ్చయ్య బిడ్డను చింతబరిగెతో కొట్టిన చప్పుడు వెనక వీధి దాటి వినిపించింది. వచ్చే నెల చూడ్డానికి వస్తామన్న మందమర్రి బొగ్గుబాయి సంబంధం వాళ్లు రాలేదు. అరుగు మీద తంబాకు తరగడం ఆగిపోయింది. శంకరవ్వకు ఆ మాత్రం తెలివి ఉంది. తంబాకు తరగలేదు కాబట్టి దొంగ కిష్టవ్వేనని ఊరికి రుజువైంది. నర్మద చాటలో కట్టలు మళ్లీ పడుతున్నాయి, ఇప్పుడు కాస్త భయంతో కూడా.

పుస్తకం మాత్రం ఇంకా మిగిలే ఉంది. ఆఖరి అధ్యాయం చదివే రోజు అరుగు నిండిపోయింది. నర్మద పేజీ తిప్పి, అలవాటుగా ఆగి, తల ఎత్తింది. పొట్టి మట్టిగోడ అవతల నూనె లేని జుట్టు, పాపిట కనిపించింది. కిష్టవ్వ గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. కొట్టించుకున్న చోటికి, తిట్టించుకున్న చోటికి, కథ వినడానికి వచ్చింది. ఇక దానికి పుస్తకం దొరికే దారి ఇంకొకటి లేదు.

నర్మద పేజీలోకి చూసింది. అచ్చులో స్పష్టంగా ఉంది. హారం తీసింది పనిమనిషి కాదు, దొర తల్లి. ఇంటి పెద్దావిడ. డిటెక్టివు పనిమనిషికి అందరి ముందరా క్షమాపణ చెప్పాడు.

ఏదీ కలపనక్కరలేదు. జీవితంలో ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు చదివితే చాలు. వీళ్లు పుస్తకాన్ని నమ్ముతారు. ఇన్ని తలలూ మెల్లగా శంకరవ్వ వైపు తిరుగుతాయి. గోడ అవతలి పిల్ల లేచి నిలబడుతుంది. లేచి, అరుగెక్కి, తన చోటికి వస్తుంది. చాట అంచు కింద పుస్తకం పెట్టుకుంటుంది.

నర్మద ఊహ ఆ ఆఖరి బొమ్మ దగ్గర ఆగింది.

"ముంగల సదువు," అంది శంకరవ్వ. ఏం రాసి ఉందో ఆమెకు తెలియదు. కానీ కళ్లు కోడలి మీద నుంచి కదలడంలేదు.

"పనిమనిషిని ఊరు దాటించారు," అని చదివింది నర్మద. గొంతు తగ్గించింది. "ఆమె ముఖం మళ్లీ ఎవరూ చూడలేదు."

"గట్టిగ సదువు పిల్లా, ఇనొస్తలేదు," అన్నది లింగవ్వ.

"గొంతు ఎండుతున్నది," అంది నర్మద.

శంకరవ్వ ఇత్తడి చెంబును కోడలి వైపు జరిపింది. నర్మద తాగింది. నోరు తడిసింది. గోడ అవతలి తల, వినిపించక, కొంచెం పైకి లేచింది.

నర్మద గొంతు ఇంకా తగ్గించింది.