ఓడెక్కని నావికుడు

ఏ ఓడ అని మళ్ళీ అడుగుతోంది, ఇందాకే చెప్పాను కదా ఓడ కాదని, నేవీ పరిహారం ఆఫీసు కౌంటర్ వెనక ఆవిడకి చెవుల్లో దూది ఉన్నట్టుంది, మా నాన్న నేవీలో చేసిందంతా ఒడ్డు మీది బేస్‌లోనే, బాయిలర్ గదిలో, ఆవిరి గొట్టాలకు చుట్టిన ఆస్‌బెస్టాస్ పొరను సుత్తితో కొట్టి ఊడదీయడమే పని, ఆ దుమ్ము పీల్చే ఇప్పుడు ఊపిరితిత్తుల పొరకి కాన్సర్, ఇంకేం కావాలి, ఒళ్ళో పిల్లాడు ఉక్కకి గింజుకుంటున్నాడు, ఓడెక్కకుండా నేవీ ఏంటి డాన్ కాసిమిరో, బీచిలో ఇసుకకి కాపలానా అని, గారు అన్నట్టు పేరుకి ముందు డాన్ తగిలించి మరీ ఆవిడ నవ్వింది, నాన్న కూడా నవ్వాడు, అవును తల్లీ, నా బూట్లు తడిసింది వానకే అని, ఆ నవ్వుకి దగ్గు తెరలు తెరలుగా వచ్చి బల్ల పట్టుకుని వంగిపోయాడు, నాకు ఒళ్ళు మండిపోయింది, ఆవిడ కన్నా ఆయన మీదే ఎక్కువ.

ఎందుకు నవ్వుతావు నాన్నా, చచ్చేదాకా అందరితో కలిసి నీ మీద నువ్వే నవ్వుకుంటావా, ఓడ మీది వాళ్ళకేనా ఊపిరితిత్తులుండేది, తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్ని, పద్ధతిగా మాట్లాడటం రాదు, అరవడం వచ్చు, అరిచాను, ఆ దుమ్ము ఒళ్ళంతా పూసుకునే ఇంటికొచ్చేవాడమ్మా అని, అంతే, నాన్న నా మణికట్టు నొప్పెట్టేలా పట్టుకున్నాడు, ఊరుకో నెరెయిదా, ఇంటికి దుమ్మేం రాలేదు, అక్కడే స్నానం చేసి వచ్చేవాణ్ణి, అబద్ధం, పచ్చి అబద్ధం, గుమ్మంలోనే బట్టలు విప్పమని అమ్మ రోజూ తిట్టేది కాదూ, తన నోటితో తనే చెడగొట్టుకుంటున్నాడు, ముసలి మొండితనం, నా ఖర్మ.

ఇంతలో పిల్లాడు తాత చొక్కా అంచు నోట్లో పెట్టుకోబోయాడు, ఆయన వాణ్ణి నా వైపు తోసేశాడు, నిప్పు తాకినట్టు, నిన్న నేనే ఉతికిన చొక్కా నాన్నా, ఏముంది అందులో అనబోయి ఆగిపోయాను, చొక్కా, నా చిన్నప్పుడు, వాకిట్లో నాన్న పని నుంచి వచ్చి చొక్కా దులుపుతున్నాడు, తెల్లగా, ఎండలో మెరుస్తూ రాలుతోంది, రావే పిచ్చిపిల్లా, మంచే ఎరగని పోర్టోరికోలో మంచు కురుస్తోంది, మన ఇంట్లోనే, నాలుక చాపు అంటున్నాడు, నేను నోరు తెరిచి ఎగురుతున్నాను, ఇంకా నాన్నా, ఇంకా అని, ఆయనకేం తెలుసు, తెలిసిన ఆఫీసర్లు నోరు మూసుకుని కూర్చున్నారు, వాళ్ళ పిల్లలకి ఆ మంచు పడలేదు, కౌంటర్ ఆవిడ ఏదో అంటోంది, నాన్న నా మొహంలోకి చూడటం లేదు, ఇప్పుడనే కాదు, ఆ దుమ్ము పీల్చినవాళ్ళకి ఎన్నో ఏళ్ళ తర్వాతైనా ఈ జబ్బు రావచ్చని డాక్టరు చెప్పిన రోజు నుంచీ చూడటం లేదు, ఆయన దాస్తున్నది తనకొచ్చినదాన్ని కాదు, నాకు రాబోయేదాన్ని.