కింది కుడి మూల

ఎనిడ్ బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే డెస్మండ్ వంటింటి గుమ్మంలో నిలబడి తన గళ్ళనుడికట్టు ఆధారం ఒకటి చదివాడు. ఆమె తలెత్తకుండానే, "అది అన్యాయం" అంది.

"ఎందుకన్యాయం?"

"మోసం చేస్తే చెయ్యి, అబద్ధం మాత్రం చెప్పకు. ఇందులో జవాబుకి దారే లేదు. చదివేవాడు ఎట్లా పట్టుకుంటాడు?"

అతను గొణుక్కుంటూ గదిలోకి పోయి, కాసేపటికి ఆధారం మార్చుకుని వచ్చాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే వరస. హాలిఫాక్సు ఊళ్ళోని ఆ ఇంట్లోంచి గళ్ళనుడికట్టు పేపరుకి పోవాలంటే ముందు వంటింటి గుమ్మం దాటాలి. పైకి ఒకటి చెబుతూ లోపల ఇంకొకటి దాచే ఆధారాలు అవి. దాచడం ఎంత ముఖ్యమో, వెతికితే దొరికేలా దాచడం అంత ముఖ్యం. దొరుకుతుందో లేదో చూసేది ఎనిడ్. మొదట్లో చూడడమే ఆమె పని. తర్వాత గళ్ళలో మాటలు కుదరక ఇరుక్కుపోయిన మూలలు విప్పి మళ్ళీ అల్లసాగింది. ఆ తర్వాత సగం ఆధారాలు ఆమే రాసింది, ఇస్త్రీ చేస్తూ, మంచాన పడ్డ అత్తగారికి దుప్పట్లు మారుస్తూ. "చేతులకే కదా పని, బుర్ర ఖాళీయే కదా నీకు" అనేవాడు డెస్మండ్. ప్రేమగానే అనేవాడు. అత్తగారైతే, "వాడు ఆలోచించుకుంటున్నాడు, గిన్నెలు చప్పుడు కానీకమ్మా" అనేది. ఆ గిన్నెలు తోముతూనే కోడలు కూడా ఆలోచిస్తోందని ఆవిడకి తెలియదు. తెలిసినా చప్పుడు గురించే అనేదేమో.

పేపర్లో గళ్ళు పెట్టేవాళ్ళెవరూ సొంత పేరు వేసుకోరు. డెస్మండ్ మారుపేరు 'కొంగ'. పొద్దున్నే రైళ్ళలో పెన్సిళ్ళు కొరుక్కుంటూ కూచునేవాళ్ళకి కొంగ అంటే భయమూ భక్తీ.

ఆ నెల కొంగ గళ్ళలో కింది కుడి మూల ఎవరూ వినని మాటొకటి పడింది. ఎనిడ్ దాన్ని తీసేసి, మూలంతా తిరిగి అల్లి, కొత్త మాటకి కొత్త ఆధారం రాసిచ్చింది. అది డెస్మండ్‌కి మరీ సాదాగా తోచింది. ఆమెకి చెప్పకుండా తన పాత ఆధారాన్నే పెట్టి పంపేశాడు. గళ్ళలో మాట మారిందన్న సంగతి మరిచాడు. పేపరొచ్చిన రోజున గళ్ళు నింపేవాళ్ళందరూ ఆ మూల దగ్గరే ఆగిపోయారు.

ఆ శనివారం యార్కులో ఒక పబ్బు మేడ మీద కలయిక. గళ్ళు పెట్టేవాళ్ళూ నింపేవాళ్ళూ ఏటా ఒకచోట కూడి, బీరు తాగుతూ, ఒకరినొకరు దెప్పుకోవడం ఆచారం. పేపర్లో గళ్ళ పేజీ చూసుకునే ఎడిటరు జోసలిన్ కూడా వచ్చింది. రైలు డ్రైవరుగా రిటైరైన బర్నార్డ్ గ్లాసెత్తాడు.

"ఏమయ్యా కొంగా, నీ కుడి మూల పుణ్యమా అని మా ఆవిడా నేనూ మాటలు మానేశాం. నాకు రాలేదని ఆవిడ ఎత్తిపొడుపు, ఆవిడకి రాలేదని నాది."

డెస్మండ్ కూడా అందరితో పాటు నవ్వాడు. "నన్నేం చెయ్యమంటావు? టైపు కొట్టేది మా ఎనిడ్. కళ్ళు ఆనడం లేదు పాపం. ఏది ఎక్కడ కొట్టిందో."

పక్కన కూచున్నావిడ ఎనిడ్ చెయ్యి తట్టి, "పోనీలెండి, చత్వారం ఎవరికైనా వచ్చేదేగా" అంది. అంతలో ఎవరో కొంగ క్రిస్మస్‌కి పెట్టిన ఆధారాన్ని పొగిడి, అలాంటివి ఎలా తడతాయని అడిగారు.

"స్నానం చేస్తుంటే తట్టింది" అన్నాడు డెస్మండ్.

అది తట్టింది ఎనిడ్‌కి, అత్తగారికి స్నానం చేయిస్తుంటే.

ఆమె ముందున్న మాంసం కూరిన రొట్టె చల్లారిపోయింది. కోపం రాలేదు, అదే ఆమెకి వింతగా ఉంది. మెచ్చుకోలు తన దాకా రాకపోవడం అలవాటే. ఇంటి పనంతా అంతేగా, చేసినన్నాళ్ళూ కనపడదు, మానేసిన పూట కనపడుతుంది. ఆధారాలు కూడా ఆ లెక్కలోకే పోయాయని ఎప్పుడో సర్దుకుంది. కానీ ఈ మేడ మీద ఏటా కూచుంటోంది, డెస్మండ్ కోటు పట్టుకుంటోంది, ఇన్నేళ్ళలో ఎవరి నోటా తన పేరు వినలేదు. ఇవాళే విన్నది. తప్పు మోయడానికి మనిషి కావలసి వచ్చింది కనుక పేరు గుర్తొచ్చింది. అంటే అతనికి మొదటి నుంచీ తెలుసు, పేరు ఎక్కడ వెయ్యాలో ఎక్కడ వెయ్యకూడదో.

డెస్మండ్ ఆమె చెవి దగ్గరగా వంగాడు. "ఊరికే అన్నాలే, మనసులో పెట్టుకోకు. వచ్చే నెల గళ్ళనుడికట్టు సంచీలో ఉంది, రైల్లో చూద్దువుగాని."

"నాకు కళ్ళు ఆనవు కదా" అని లేచింది ఎనిడ్.

బల్ల చుట్టి జోసలిన్ దగ్గరికి వెళ్ళింది. "కొత్తవాళ్ళు గళ్ళు పంపితే చూస్తారా?"

"ఎందుకు చూడమండీ. మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"నేనే."

జోసలిన్ మర్యాదగా నవ్వింది. "చాలా సంతోషం. అయితే ముందు మంచి మారుపేరొకటి చూసుకోండి."

అటు బల్ల దగ్గర డెస్మండ్ గ్లాసు దించి ఇటు తిరిగాడు.

"మారుపేరుతో చాలా ఏళ్ళు రాశానమ్మా" అంది ఎనిడ్. "ఇకనుంచి నా పేరే వెయ్యండి."