పీటల మీది చోటు

మా ఆడపడుచు హైమవతి వదిన భర్త కరోనాలో పోయారు. అందుకని ఆవిడ కూతురు హిమబిందు పెళ్లిలో కన్యాదానం మేమిద్దరం చెయ్యాలని చాలా ముందే అనుకున్నారు. మా ఆయన చిన్నబాబు ఆ పిల్లకి సొంత మేనమామ. వదినే బందరులో మా ఇంటికొచ్చి, ఇద్దరికీ బొట్టు పెట్టి మరీ అడిగింది.

"మీరు పీటల మీద కూర్చుంటే దానికి తండ్రి లేని లోటు తెలీదే దుర్గా" అంది.

ఇంకెవరికైనా అది మామూలు పిలుపే. నాకు కాదు. మా భవితకి ఎనిమిదేళ్లు. ఆటిజం అని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ మేమిద్దరం కలిసి ఏ శుభకార్యానికీ వెళ్లలేదు. ఒకరు వెళ్తే ఒకరు పిల్ల దగ్గర ఉంటాం. చుట్టాల పెళ్లి ఆల్బమ్‌లు తిరగేస్తే ఒకదాంట్లో ఆయన ఉంటారు, ఇంకోదాంట్లో నేనుంటాను. తెలియనివాళ్లు చూస్తే మేం విడిపోయామనుకున్నా అనుకోవచ్చు. కన్యాదానానికి అలా వంతులు కుదరవు. దంపతులిద్దరూ పక్కపక్కన కూర్చోవాలి. వదిన వెళ్లాక నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు ఊరికే నిలబడ్డాను. అంత సంతోషం నాకు అలవాటు తప్పిపోయింది.

భవితకి డోలు చప్పుడు పడదు. వీధిలో మేళం వెళ్తే తల గోడకేసి కొట్టుకునేది. అందుకని రోజూ సాయంత్రం ఫోన్లో పెళ్లిమేళం పెట్టడం మొదలుపెట్టాను. మొదట వినీ వినపడకుండా, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు అలవాటు చేశాను. పెడన నుంచి మా అమ్మ సుబ్బాయమ్మ వచ్చి దాని పక్కన కూర్చునేది. పెళ్లిలోనూ ముందు వరసలో అమ్మే దాన్ని కూర్చోబెట్టుకోవాలని మా ఏర్పాటు. అమ్మా భవితా అలా కూర్చుంటే, మేం వాళ్లకెదురుగా రెండు పీటలు వేసుకునేవాళ్లం.

"ఏవండీ, మీరు కాళ్లు కడుగుతుంటే నేను నీళ్లు పొయ్యాలి. చెంబిలా ఇవ్వండి."

"పెళ్లికొడుకేడీ?"

"ఆ కుర్చీ అనుకోండి."

"దానికి నాలుగు కాళ్లున్నాయే! అన్నీ కడిగేసరికి ముహూర్తం దాటిపోద్ది."

అమ్మ పకపకా నవ్వేది. భవిత మా వైపు చూసేది కాదు గానీ, లేచి వెళ్లిపోయేదీ కాదు. ఒకరోజు సౌండు పూర్తిగా పెంచినా హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చాప అంచు వేలితో రుద్దుతూ అలాగే కూర్చుంది. ఆయన వంక చూశాను. ఆయన చెంబు కింద పెట్టి తల తిప్పుకున్నారు. సంతోషంతోనేమో అనుకున్నాను.

పెళ్లి గుడివాడలో, కల్యాణమండపంలో. పొద్దున్నే కారులో బయల్దేరాం. పీటల మీదకని కొన్న పట్టుచీర కట్టుకున్నాను. దిగగానే వదిన ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వచ్చారా? దుర్గా, నువ్వేం హడావిడి పడకు. పైన గది తీయించాను. పిల్లతో హాయిగా కూర్చో. పీటల మీదకి గోవర్ధనరావు బావగారినీ అక్కయ్యగారినీ ఒప్పించాంలే."

నాకు అర్థం కాలేదు. "అదేంటి వదినా? మేం..."

"పోయిన వారమే ఫోన్ చేశాడు కదే చిన్నబాబు, మాకు కుదరదక్కా, ఇంకెవరినైనా చూసుకోమని. నీకు చెప్పలేదా?"

ఆయన కారు డిక్కీలోంచి బ్యాగులు తీస్తున్నారు. ఆ బ్యాగులు తియ్యడం ఎంతకీ అవలేదు.

అమ్మ నా మొహం చూసి, "నేను పిల్లని పట్టుకుంటాలే, నువ్వు కింద కూర్చో" అంది. వద్దన్నాను. నేను కూర్చోవాల్సిన చోట ఇంకొకరు కూర్చుంటే ఎదురుగా కుర్చీలో కూర్చుని చూడలేను. "నువ్వెళ్లి పెళ్లి చూడమ్మా" అని పంపేసి, భవితని తీసుకుని పైకి వెళ్లాను.

గది కిటికీలోంచి మండపం కనపడదు, వినపడుతుంది. పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకొచ్చే పని మాత్రం ఆయనదే.

"ఏంటి చిన్నబాబూ, అప్పుడే ఆయాసమా? పిల్లని మధ్యలో దించేస్తావా ఏంటి?" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వే ఉంటారు.

కాసేపటికి తలుపు తోసుకుని వచ్చారు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"కన్యాదానం మొదలైంది. నువ్వెళ్లి చూసిరా. దీని దగ్గర నేనుంటా."

ఇక్కడ కూడా వంతులే. "వెళ్లను" అన్నాను.

ఆయన మంచం చివర కూర్చున్నారు. "భయమేసింది దుర్గా. అంతమంది ముందు, కొంగుముడి వేసుకుని కూర్చున్నాక, ఇది అరిస్తే మధ్యలో లేవలేం కదా. అందరూ మనకేసే చూస్తారు."

"మరి ఇంట్లో రోజూ నాతో ఎందుకు కూర్చున్నారు?"

"నువ్వు సంతోషంగా ఉన్నావు. చెప్పలేకపోయాను."

నాక్కూడా భయంగానే ఉండేది. ఆ మాట ఆయన ముందే అని ఉంటే ఇద్దరం కలిసి భయపడేవాళ్లం. అదైనా కలిసి చేసేవాళ్లం.

అంతలో కింద గట్టిమేళం మొదలైంది. గది తలుపులు అదిరాయి. ఆయన చటుక్కున లేచి భవితని పట్టుకోబోయారు. నేనూ లేచాను. భవిత హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకి అదుముకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. ముందుకీ వెనక్కీ ఊగింది. అంతే. అరవలేదు, తల కొట్టుకోలేదు. మేళం ఆగాక కళ్లు తెరిచి, దుప్పటి అంచు వేలితో రుద్దడం మొదలుపెట్టింది.

చాచిన ఆయన చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"కూర్చోగలిగేవాళ్లం" అన్నారు, చేతులు దించి.

నేను భవిత హెడ్‌ఫోన్లు సర్దాను.

"పద, ముగ్గురం కిందికి వెళ్దాం. అందరూ చూస్తారు, ఇదెంత బుద్ధిగా..."

"వాళ్లు చూడాలని కాదండీ నేనడిగింది. మీ పక్కన కూర్చోవాలని."

ఆయన ఫోన్ మోగింది. వదిన. తలంబ్రాలకి రమ్మంటోంది. ఆయన ఫోన్ చేత్తో పట్టుకుని నా వైపు చూస్తూ నిలబడ్డారు.

"వెళ్లండి. హిమబిందు మీ కోసం చూస్తుంటుంది" అన్నాను.

వెళ్లారు. మెట్ల మీద ఒకసారి ఆగినట్టు అనిపించింది. తర్వాత ఆ అడుగులు కిందికే వెళ్లిపోయాయి.

తలుపు దగ్గరగా వేసి వచ్చాను. చీర నలుగుతుందేమోనని పొద్దుటినుంచీ ఎక్కడ కూర్చున్నా జాగ్రత్తగా అంచున కూర్చుంటున్నాను. ఇప్పుడు మంచమెక్కి, గోడకి జారబడి, కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాను. భవిత నా వైపు చూడకుండానే కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది.