వరుసలో నిలబడ్డ చెప్పులు

చెప్పును చూసి మనిషిని పోల్చగలిగినవాడు పంజాగుట్ట మొత్తానికి నేనొక్కణ్ణే. మడమ ఎటు అరిగిందో చూస్తే చాలు, ఆ మనిషి ఊరు, వయసు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో కూడా గడగడా చెప్పేస్తాను. ఊళ్ళో ఐదో తరగతితో బడి మానేసి మరీ ఈ విద్య మీద పడ్డాను.

పెద్దాసుపత్రి దగ్గర మా సేవాసంఘం రోజూ మధ్యాహ్నం రోగుల తాలూకు మనుషులకు అన్నం పెడుతుంది. సాంబారు గరిటె ఆరేళ్ళుగా నాది. అన్నం, సాంబారు ఎందరొచ్చినా సరిపోతాయి. పెరుగన్నం మాత్రం ఒక్క గిన్నే, నలభై మందికి మించి రాదు. అందుకని జనం పొద్దున్నే వచ్చి వరుసలో చెప్పులు విడిచిపెట్టి, తాము పోయి నీడన కూర్చుంటారు. మనుషుల బదులు చెప్పులు ఎండలో నిలబడతాయి. ఎవరూ ఎవరి చెప్పునూ జరపరు. అక్కడ అదే చట్టం.

ఆ మంగళవారం అమీర్‌పేట నుంచి ఎనిమిదిమంది కాలేజీ పిల్లలు వచ్చారు. సేవ చేసి, ఏం నేర్చుకున్నారో రాసిస్తే మార్కులట. వాళ్ళకు లీడరు జెనీఫర్ అనే పిల్ల.

"కనకయ్య తాతా, మాకేదన్న పని చెప్పు" అంది.

నేనప్పుడు సాంబారు రుచి చూసే ముఖ్యమైన పనిలో ఉన్నాను. "గా ఫుట్‌పాత్ జర సాఫ్ చెయ్యుండ్రి బిడ్డా" అన్నాను.

చేశారు. నేను మూడో గరిటె రుచి చూసి తలెత్తేసరికి చెప్పులన్నీ గోడ వారగా చేరాయి. పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు, మళ్ళీ అందులో రంగుల వారీగా! కేదార్ అనే కుర్రాడు వాటికి ఫొటోలు తీస్తున్నాడు.

"ఎట్లుంది తాతా?"

"మస్తుంది. నూటఇరవై మంది లైన్‌ను ఊడ్చి అవతల పారేసిండ్రు."

అప్పటికే జనం లేచి వచ్చారు.

"నేనే ముందు!"

"నిన్న ముందున్నవ్ భాయ్. ఇయ్యాల గాదు!"

ఆ గోలలో రుద్రమ్మ అనే పెద్దావిడ స్టీలు టిఫిను పట్టుకుని జెనీఫర్ ముందు నిలబడింది.

"ఎంత పని చేస్తివి బిడ్డా! ఎనిమిది దినాల సంది మా ఆయన నోట్ల మెతుకు లేదు. ఇయ్యాల పెరుగన్నం పెట్టొచ్చన్నరు డాక్టర్లు. ఒంటిగంటకు వార్డు గేటు మూస్తరు. నలభై మందిల నేనుంటి."

గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. జెనీఫర్ ముఖం పాలిపోయింది.

"ఫికర్ చెయ్యకు, నేనున్న" అని గరిటె పక్కన పెట్టి, ఒక జత ఎత్తి చూశాను. "ఇది నల్లగొండ మనిషిది. మీసాలుంటయి. పెండ్లామంటే భయం."

"గవి నాయి" అంది ఇరవై ఏళ్ళ పిల్ల ఒకతె.

ఇంకో జత ఎత్తాను. "ఇది పాపం ఎవరో ముసలామెది. కండ్లు సరిగ్గ కనవడవు."

"అవి నీయే తాతా" అన్నాడు కేదార్.

నా కాళ్ళు చూసుకున్నాను. వట్టి కాళ్ళే. నా విద్య అంతటితో సరి! జనమంతా ఒకటే నవ్వు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఆ నవ్వులోనే జెనీఫర్ స్టూలెక్కింది. "అందరు జర వినండి! మీ చెప్పులు విడిచినప్పుడు మీ ముందు ఎవరి చెప్పులున్నయి? వాళ్ళ భుజం పట్టుకోండి!"

"నా ముందు చెప్పుకు పిన్నీసు పెట్టుండె" అంది రుద్రమ్మ.

"అది నాదే అమ్మా!" అని ఒకాయన చెయ్యెత్తాడు. ఆవిడ వెళ్ళి ఆయన భుజం పట్టుకుంది. ఆవిడ భుజం ఇంకొకరు. తన నంబరు ఎవరికీ తెలియదు గానీ, తన ముందున్న చెప్పును మాత్రం ఎవరూ మరిచిపోలేదు. ఒకడు మధ్యలో దూరబోతే వెనకామె ఊరుకుందా? "నా ముందర ఎర్రపట్టీల చెప్పులుండె. నీవి నల్లయి. నడువ్!"

నాలుగు పెట్టెలు, పది పెట్టెలు, చివరికి ఒకటే రైలు! ఎవరో "కూ" అన్నారు. మిగతావాళ్ళు "చుక్ చుక్" అందుకున్నారు. రైలు ఎర్రమంజిల్ వైపు మలుపు దాకా సాగింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఊరేగింపనుకుని బండ్లన్నీ ఆపేసి విజిల్ వేశాడు. రైలు కదిలింది.

రుద్రమ్మ ముప్పై ఎనిమిదో పెట్టె. కేదార్ ఆవిడ టిఫిను నిండా పెరుగన్నం పెట్టాడు. ఒంటిగంటకు ఐదు నిమిషాలుంది. టిఫిను జెనీఫర్ అందుకుని పరుగు, వెనక రుద్రమ్మ పరుగు.

"చెప్పులమ్మా, చెప్పులు!" అని అరిచాను.

"ఉండనియ్యి!" అంది రుద్రమ్మ, వెనక్కి చూడకుండా.

పావుగంటకు జెనీఫర్ రొప్పుతూ తిరిగొచ్చింది. పిల్లలంతా చుట్టూ మూగారు.

"గేటు మీద చెయ్యి వేసిండు వాచ్‌మన్. సందుల నుంచి దూరినం. రుద్రమ్మ వాళ్ళాయన ఐలయ్య తాత మూడు ముద్దలు తిన్నడు!"

"నాలుగోది?"

"ఉప్పు తక్కువైందని రుద్రమ్మను తిట్టిండు!"

ఆ తిట్టు విని ఎనిమిదిమంది పిల్లలూ ఫుట్‌పాత్ మీద గంతులేశారు. డెబ్బై దాటినవాణ్ణి, నేనూ వేశాను.

ఇందులో కానిస్టేబుల్ ఒక్కడే నా కల్పన. విజిల్ వేసింది నేనే, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని. బండి ఒక్కటీ ఆగలేదు. నాకే దగ్గు ఆగలేదు.