చిల్లీలో పడిన స్ప్రింగ్

శనివారం మధ్యాహ్నం వంటింటి బల్ల మీద రైఫిల్ కింది భాగం బిగిస్తూ వెండెల్ ప్రూయెట్ ఊపిరి బిగబట్టాడు. తలలేని బుల్లి స్క్రూలు బుద్ధిగానే కూర్చున్నాయి. మిగిలింది పిన్ను జారకుండా నొక్కిపట్టే స్ప్రింగ్. చూడబోతే చీపురుపుల్ల ముక్కంత, పొగరు మాత్రం ఏనుగంత. వేలితో అదమగానే టింగుమని ఎగిరి, పొయ్యి మీద మాంసం, చిక్కుడు గింజలతో ఉడుకుతున్న చిల్లీ కూర గుండిగ వైపు పోయింది.

"నడీన్, కదలకు!"

గరిటె పట్టుకున్న భార్య కొయ్యబారిపోయింది. "నా చిల్లీలో పడిందా?"

"పడినట్టే ఉంది."

"ఏమయ్యా, సాయంత్రం చర్చిలో ఊరంతా తినాల్సింది ఇది! పారబొయ్యనా?"

"అమ్మో, వద్దు! నా స్ప్రింగ్ అందులో ఉంది."

సాయంత్రం విందులో వెండెల్ గరిటె కాడకి అయస్కాంతం కట్టి, ప్రతి గిన్నెనూ కలిపి చూశాకే ముందుకు పంపాడు. తినేవాళ్ళ వరుస వాకిలి దాటింది. ఇదేదో కొత్త ఆచారమనుకుని పాస్టరు అయస్కాంతాన్ని కూడా దీవించాడు.

అందరిలోకీ పెద్దావిడ ఒట్టిలీ బ్రాండ్ట్‌కి అంత ఓపిక లేదు. తనే వడ్డించుకుని తింటూ ఉన్నట్టుండి ఆగింది. పంటికింద కటుక్కుమంది. చెంచాలన్నీ గాల్లో నిలిచిపోయాయి.

"ఉమ్మెయ్యి పెద్దమ్మా!" అన్నాడు వెండెల్.

"మింగేశాను."

"స్ప్రింగేనా?"

"నాకేం తెలుసురా? మెలికలు మెలికలుగా ఉంది. అన్నట్టు, నీ పెళ్ళాం ఉప్పు మరిచిపోయింది."

దానంతటదే బయటికి పోతుందిలే, భయం లేదంది ఊరి నర్సు. అసలు చిక్కు వేరే ఉంది. సోమవారం ఒట్టిలీ విమానమెక్కి స్పొకేన్ నగరంలో ఉన్న చెల్లెలింటికి వెళ్ళాలి. ఊరి పోలీసు డిప్యూటీ గ్రేడీ టోల్ తన గిన్నె పక్కన పెట్టాడు.

"విమానాశ్రయం తనిఖీలో మోగుతుంది. ఏమిటమ్మా అది అంటే ఏం చెప్తారు?"

"తుపాకీ ముక్క అంటాను. చర్చి మెట్లెక్కేదాన్ని, అబద్ధమాడతానా?"

ఆ ముక్క మింగిన ఒట్టిలీ ఇప్పుడు ఎంతవరకు రైఫిల్ అవుతుందో తేల్చడానికి మగవాళ్ళు కాఫీ చల్లారేదాకా వాదించుకున్నారు. తేలలేదు. చివరికి వెండెల్ సిగ్గుపడుతూ, తన ట్రక్కులో చెల్లెలింటి దాకా దింపి వస్తానన్నాడు.

దారిపొడుగునా ఆవిడ ఎండుమాంసం నములుతూ శ్రుతి లేకుండా కీర్తనలు పాడింది. చెల్లెలు ఇర్మా తలుపు తీసి, "విమానంలో రాలేదేం?" అంది.

"ఎక్కనివ్వరే. నేనిప్పుడు ఆయుధాన్ని," అంది ఒట్టిలీ దర్జాగా.

వెండెల్ ఆ ఊళ్ళో కొత్త స్ప్రింగ్ కొని, సగం బిగించిన రైఫిల్‌ని ట్రక్కులోంచి తెచ్చి ఇర్మా భోజనాల బల్ల మీద పెట్టాడు. అక్కచెల్లెళ్ళు దుప్పటి పట్టుకుని అతని చుట్టూ గుడారంలా నిలబడ్డారు. స్ప్రింగ్ ఎగిరింది. దుప్పటి ఆపింది. మళ్ళీ ఎగిరింది. మళ్ళీ ఆపింది. ఎట్టకేలకు దాని చోట్లో అది కూర్చుంది.

"దీంతో ఏం కొడతావు బాబూ?" అడిగింది ఇర్మా.

వెండెల్ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"కొట్టడానికేం లేదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "బిగించడమంటేనే ఇష్టం."